నక్క హీరో, మా వెనక బెంచీ

జోరో అంటే స్పానిష్‌లో నక్క. ఇంగ్లిష్ మాస్టారు ఆ మాట చెప్పిన రోజు మా వెనక బెంచీ మొత్తం నీరుగారిపోయింది. సినిమా హీరో జోరోకి నల్ల గుర్రం, నల్ల ముసుగు, చేతిలో తళతళలాడే కత్తి... ఇంతా చేసి నక్కా! ఏ పులో సింహమో అయ్యుంటుందని అప్పటికే పందేలు కాసుకున్నాం. "పగలు చేతకానివాడిలా ఆవులిస్తూ తిరిగి, రాత్రి దొరల పని పట్టేవాడికి ఇంకే పేరు నప్పుతుందిరా?" అన్నారాయన.

మేం జోరోని చూసింది 1987 జనవరి 26 రాత్రి, హాస్టల్ మెస్ హాల్లో, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో. అలెన్ డెలాన్ వేసిన 1975 నాటి సినిమా. మాటలు ఒక్కటీ ఎక్కలేదు, ఎవరికీ లెక్కా లేదు. చివర్లో కర్నల్‌గా వేసిన స్టాన్లీ బేకర్‌తో కత్తియుద్ధం మొదలైంది, ఎంతకీ తెమలదు. సరిగ్గా అప్పుడే తెర నిండా గీతలు. వీసీఆర్ కుర్రాడు మూత విప్పి, కొత్త రూపాయి నోటుతో హెడ్డు తుడిచాడు. టేపు ఇంకాస్త చుట్టుకుపోయింది. కర్నల్ చచ్చాడో బతికాడో తెలియకుండానే పది పాసయ్యాం. చచ్చాడని నాకు తెలిసింది మా అమ్మాయి పెళ్లయ్యాక, ఫోన్లో చూసి.

మాస్టారు మాత్రం డెలాన్‌ని లెక్కలోకి తీసుకోలేదు. ఆయన జోరో 1940 నాటి టైరోన్ పవర్, మద్రాసులో చదువుకునే రోజుల్లో చూశారట. అందులో విలన్ బేసిల్ రాత్‌బోన్ వెలిగే కొవ్వొత్తి తల ఎగరగొడతాడు. పవర్ కూడా కత్తి విసురుతాడు, కొవ్వొత్తి కదలదు. గురి తప్పిందని వాడు పకపకా నవ్వుతుంటే, పవర్ నింపాదిగా పై ముక్క ఎత్తి చూపిస్తాడు. మాస్టారు దీన్ని బల్ల మీద నిలబెట్టిన సుద్దముక్కతో, చెక్క స్కేలుతో చేసి చూపించారు. సుద్ద ముందే విరిచి పెట్టారని మూడో వరసలోంచి నాకు కనబడింది. అయినా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

అసలు కథ 1919లో జాన్‌స్టన్ మెకల్లీ ఓ చవక పత్రికలో సీరియల్‌గా రాసింది, స్పెయిన్ వాళ్ల నాటి కాలిఫోర్నియాలో జరుగుతుంది. అందులో జోరో దుప్పటి ఊదారంగు! చివర్లో ముసుగు తీసి ఊరందరి ముందూ బయటపడిపోతాడు కూడా. 1920లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ మూకీ తీసి, అది విరగబడి ఆడేసరికి, మెకల్లీ మళ్లీ కథలు మొదలుపెట్టాడు, ముసుగు తీసిన సంగతే ఎరగనట్టు. మన టీవీ సీరియళ్ల వాళ్లకి ఈయనే మూలపురుషుడేమో.

ఇప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. అమెరికాలో ఉన్నవాడు డిస్నీ వాళ్ల టీవీ సీరియల్లో వేసిన గై విలియమ్స్ తప్ప ఇంకెవరూ జోరో కాదంటాడు. 1957 నుంచి రెండేళ్లు, 78 భాగాలు, అన్నీ చూశాడట. ఆ విలియమ్స్‌ని అర్జెంటీనా జనం ఎంత నెత్తిన పెట్టుకున్నారంటే, ఆయన చివరికి బ్యూనస్ ఎయిరిస్‌లోనే ఉండిపోయి అక్కడే పోయాడు. మా పిల్లలకి 1998 నాటి ఆంటోనియో బాండెరాస్. వాళ్ల పిల్లలకి అదే బాండెరాస్ గొంతుతో మాట్లాడే కార్టూన్ సినిమా బూట్ల పిల్లి, 'పుస్ ఇన్ బూట్స్'.

జోరో కత్తిమొనతో గీసి వదిలే గుర్తు ఇంగ్లిష్ జెడ్ కదా, సినిమా మర్నాటి నుంచి బడంతా జెడ్ అక్షరాలే. తెలుగులో 'జ' రాద్దామని ఒకడు గాల్లో కత్తి తిప్పి చూశాడు. ఆ వంపులన్నీ తిరిగేలోపు విలన్ ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటాడు. కంపాసుతో బెంచీ మీద చెక్కినవాణ్ణి డ్రిల్లు మాస్టారు వారం రోజులు వెతికారు, దొరకలేదు.

మొన్న కలిసినప్పుడు స్టోర్ రూములో ఆ బెంచీ కనబడింది. "నేనే చెక్కా" అంటూ ముగ్గురు ముందుకొచ్చారు. ఈలోగా ఇంకొకడు పక్కకెళ్లి తల వంచి చూసి, ఇటునుంచి ఇది ఎన్ కదరా అన్నాడు. మా సెక్షన్లో ఎన్‌తో మొదలయ్యే పేర్లు నాలుగు.