మా రోడ్డు దాటడానికి 14 సెకన్లు

మా అత్తయ్యగారిని బైకు గుద్దింది 2024 నవంబరులో, కార్తీక సోమవారం పొద్దున. మాది విజయవాడ శివారు. కాలనీ ఒక పక్క, శివాలయం, పాలబూతు, బస్టాపు రోడ్డుకి అవతలి పక్క. గుళ్లో దీపం పెట్టి తిరిగొస్తూ రోడ్డు దిగారు, డివైడర్ చేరబోతుండగా పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యి ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "చూసుకుని దాటొద్దా పిన్నిగారూ?" ఆవిడా అందరికీ ఒకటే చెప్పేవారు: "చూశానమ్మా. రోడ్డు ఖాళీగానే ఉంది."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. శుక్లాల ఆపరేషన్ చేయించాక చూపూ బాగానే ఉంది. మరి ఖాళీ రోడ్డు మీదికి బండి ఎక్కడ్నించి ఊడిపడినట్టు?

డిసెంబరులో కాలనీవాళ్లం అరవైమంది సంతకాలు పెట్టి, స్పీడ్ బ్రేకర్ వేయమని అర్జీ రాశాం. వార్డు సచివాలయంలో తీసుకున్నారు. అక్కడి నుంచి ఒక ఆఫీసుకి వెళ్లింది. రోడ్డు మాది కాదన్నారు. రెండో ఆఫీసువాళ్లు రోడ్డు మాదేగానీ లైట్లూ ఫుట్‌పాతూ మావి కావన్నారు. నెలన్నరకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైందని. ఒక్కరు వచ్చి చూసింది లేదు. ఆ రోజు నాకొచ్చిన ఏడుపు, కోపం ఇప్పుడు తలుచుకున్నా తగ్గదు.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టమన్నది మా వీధిలో రిటైరైన హెడ్మాస్టారు. పది రూపాయల పోస్టలార్డరు జతచేసి మూడే ప్రశ్నలు అడిగాను. ఈ కిలోమీటరు రోడ్డు ఎవరి అధీనంలో ఉంది? జీబ్రా గీతలు చివరిసారి ఎప్పుడు వేశారు? పాదచారులు దాటడానికి ప్లానులో ఎక్కడ చోటు చూపించారు? చట్టప్రకారం 30 రోజుల గడువు. ఆఖరి వారంలో జవాబొచ్చింది. మూడో ప్రశ్నకి రాసింది "లేదు" అన్న ఒక్క మాటే. నాకు ఆ కాగితమే ఆయుధమైంది.

దాన్ని పట్టుకుని వెళ్తే ఒక ఇంజినీరుగారు కూర్చోబెట్టి మాట్లాడారు. ఇంత పెద్ద రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ అడగొద్దమ్మా, రాత్రిపూట గమనించక బైకులవాళ్లు ఎగిరిపడి చచ్చిపోతారు అన్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 103 అని పాదచారుల కోసమే ఒక మార్గదర్శక పుస్తకం ఉందని చెప్పింది ఆయనే. "మీకు కావలసింది దాటే చోటు. ఎంతమంది దాటుతున్నారో లెక్క తెండి" అన్నారు.

ఆదివారం వదిలేసి మూడు రోజులు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా టైలర్ షాపు అరుగు మీద నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. ఏ రోజూ నాలుగొందలకి తగ్గలేదు. యూనిఫాం పిల్లలకి వేరే గీత, కర్ర పట్టుకున్నవాళ్లకి వేరే గీత. పదో తరగతి చదివే మా అబ్బాయి ఫోన్లో టైము చూసేవాడు. తాపీ మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి కొలిస్తే, ఇవతలి అంచు నుంచి డివైడర్ దాకా తొమ్మిదిన్నర మీటర్లు. సిగ్నళ్లు లెక్కకట్టేటప్పుడు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటారట, అంటే ఎనిమిది సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడకి పట్టింది 14.

ఆ సాయంత్రం అబ్బాయి లెక్క వేసి చూపించాడు. యాభై స్పీడుతో వచ్చే బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు వస్తుంది. ఆ పెద్దావిడ డివైడర్ చేరేలోపు రెండొందల మీటర్లు వచ్చేస్తుంది. మా దగ్గర రోడ్డు అంచున నిలబెట్టిన లారీలు, వాటి పక్కన ఫ్లెక్సీలు. వాటి మధ్యలోంచి వంద మీటర్ల అవతల ఏముందో కనపడదు. అంటే అత్తయ్యగారు చూసినప్పుడు రోడ్డు నిజంగానే ఖాళీ. ఆవిణ్ణి గుద్దిన బండి అప్పటికింకా ఎవరి కంటికీ ఆనే చోటులో లేదు. నేను లోపలికి వెళ్లి ఆవిడతో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది కూడా రాయి అర్జీలో" అన్నారు.

రాశాను. మొదటి ప్రతిలో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచివెళ్లేవాళ్లేనని పెట్టాను. హెడ్మాస్టారు దాన్ని కిందికి దించి, మా రోడ్డు లెక్కని పైకి తెచ్చారు. ఆయన చేసింది సరైన పని. ఒక్క పేజీ అర్జీ, చేత్తో గీసిన మ్యాపు, నాలుగు ఫొటోలు, ఆర్టీఐ జవాబు. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని అడిగాం. ఈ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. పోలీసు, రవాణా, రోడ్లు అన్నీ ఒక్క బల్ల ముందు కూర్చునే చోటు అదొక్కటే. ఇది ముందే తెలిసుంటే మాకు కొన్ని నెలలు కలిసొచ్చేవి.

మేలో అందరూ కలిసి వచ్చి చూశారు. ఆ రోజు అందరికంటే ఉపయోగపడిన మాట ఆర్టీసీ నుంచి వచ్చినాయన చెప్పారు. జనం దాటే చోటుకి ముందే బస్సు ఆగుతోంది. దిగినవాళ్లు బస్సు ముందు నుంచి దాటితే వెనకొచ్చే బండికి కనపడరు. స్టాపుని దాటే చోటుకి అవతలికి జరిపితే బస్సు వెనక నుంచి దాటుతారు, వచ్చే బండ్లూ కనిపిస్తాయి. అంతే, ఖర్చులేని పని. నలభై మీటర్లు జరిపారు.

ఆగస్టుకి జీబ్రా గీతలు పడ్డాయి. వాటికి ముందు, బండి వేగం తగ్గేలా అడ్డగీతలు వేశారు. లైటు స్తంభం వచ్చింది, ఫ్లెక్సీలు పోయాయి, లారీలు ఆపకూడదని బోర్డు పెట్టారు. డివైడర్ మధ్యలో మనిషి ఆగి నిలబడేంత అరుగు కట్టారు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ అరుగే. రోడ్డంతా ఒక్క దమ్మున దాటక్కర్లేదు, సగం దాటి ఆగొచ్చు.

ఈ కార్తీకంలో అత్తయ్యగారు వాకర్‌తో గుడికి బయల్దేరారు. నేను పక్కనే నడిచాను. అరుగు దాకా 22 సెకన్లు పట్టింది. ఒక ఆటో ఆయన ఆగి, వెనకవాళ్లని చెయ్యెత్తి ఆపాడు. అరుగు మీద పైపు పట్టుకుని ఊపిరి తీసుకుని, రెండో సగం దాటారు.

అవతల ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డంగా ఉంది. దాన్ని తప్పుకోవాలంటే మళ్లీ రోడ్డు మీదికే దిగాలి, వాకర్‌తో అది ఆవిడ వల్ల కాలేదు. ఇద్దరు కుర్రాళ్లు సాయం పట్టారు. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. ఆ మాటతోనే కొత్త అర్జీ మొదలుపెట్టాను. టేపు మేస్త్రీకి ఇంకా తిరిగివ్వలేదు, దిమ్మె చుట్టూ కొలవాలి.