కుక్కర్ కోసం కలమాత దాకా

కర్దమీలికి పైన, కొండమీది ఊళ్లో అద్దెకు దిగిన మూడో వారానికే కుక్కర్ లేకుండా గడవదని తేలిపోయింది. దక్షిణ గ్రీసులోని ఈ మానీ ప్రాంతంలో వేసవిలో తోటకూర బాగా దొరుకుతుంది. దాన్ని వ్లీతా అంటారు. ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకొని తింటారు. ఫావా పేరుతో అమ్మే పసుపుపచ్చ బద్దలు మన పప్పుకు దగ్గరగానే ఉంటాయి. తెనాలి నుంచి తెచ్చుకున్న ఎండుమిర్చి ఉండనే ఉంది. తోటకూర పప్పుకు ఇక లోటు కుక్కరే.

ఇండియా నుంచి తెప్పిద్దామంటే, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే చిన్న సరుకులకు కూడా 2021 జూలై నుంచి పన్ను పడుతోంది, గ్రీసులో అది 24 శాతం. పైగా రవాణా ఖర్చు వేరు. చివరికి ఇక్కడి వెబ్‌సైట్‌లోనే 62 యూరోలకు ఒకటి దొరికింది. అదే తెనాలిలో ఎంతకు వచ్చేదో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది. డబ్బు కట్టే చోట 'ఆండికాతావోలీ' అన్న మాట చూశాక కాస్త ఊరట కలిగింది. సరుకు చేతికొచ్చాకే డబ్బివ్వడం, అంటే మన క్యాష్ ఆన్ డెలివరీయే.

చిక్కంతా చిరునామా దగ్గర వచ్చింది. వీధి పేరు, ఇంటి నంబరు రాయనిదే ఆర్డరు ముందుకు కదలదు, మా ఊళ్లో చూస్తే ఆ రెండూ లేవు. వీధి గడిలో ఊరి పేరే మళ్లీ రాసి, నంబరు గడిలో సున్నా పెట్టాను. కొరియర్ వాళ్లు మా ఊరిని చేరడం కష్టమైన ప్రాంతాల్లో లెక్కకట్టారనీ, వాళ్ల బండి వారానికి రెండు రోజులే వస్తుందనీ ఆ తర్వాత తెలిసింది.

మంగళవారం పొద్దున ఎనిమిది నుంచి గుమ్మం దాటలేదు. పదిన్నరకు ఉల్లిపాయలు, బంగాళాదుంపల వ్యాను మైకులో 'పతాతెస్, క్రెమ్మీదియా' అంటూ వచ్చి సరిగ్గా మా మెట్ల ముందే ఆగింది. చిన్నప్పుడు మా వీధిలో ఉప్పు బండి కేక వినగానే అమ్మ గిన్నె పట్టుకుని వెళ్లడం గుర్తొచ్చి, అవసరం లేకపోయినా రెండు కిలోలు కొన్నాను. ఆ వ్యానుకు దొరికిన ఇల్లు కొరియర్‌కు దొరకలేదు. పన్నెండింటికి ఫోనుకు సందేశం వచ్చింది: గ్రహీత ఇంట్లో లేరట. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కొండ దిగి, కొరియర్ ఆఫీసు ఉన్న కలమాత పట్టణానికి బస్సెక్కాను. రానూపోనూ ఎనిమిది యూరోల దాకా అయింది. కొస్కరాస్ లోయ దగ్గర మలుపుల్లో కడుపు తిప్పుతుంటే కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. రెండు దాటి పది నిమిషాలకు కొరియర్ ఆఫీసుకు చేరేసరికి తలుపు మూసి ఉంది. ఇక్కడ సోమ, బుధ, శనివారాల్లో చాలా దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ తెరవరు. ఆ సంగతి తెలిసి కూడా కోపంలో బయలుదేరాను.

సాయంత్రం ఊరికి చేరి, కఫెనియో, అంటే ఊరి కాఫీ కొట్టు, ముందు నుంచి ఇంటికి నడుస్తుంటే, దాన్ని నడిపే పెద్దావిడ 'ఏలా, కోరీ మూ' అని పిలిచింది. ఇలా రా తల్లీ అన్నమాట. లోపల ఫ్రిజ్ పక్కన, ఎవరివో ట్రాక్టరు సామాన్లు, మందుల సంచి, వాటి మీద నా పెట్టె. కొరియర్ అబ్బాయి మంగళవారం పొద్దునే అక్కడ పెట్టి వెళ్లాడట, డబ్బు ఆవిడే కట్టిందట. పెట్టె మీద కాగితం అంటించి, నీలం పెన్నుతో నా పేరు గ్రీకులో రాసింది. మన 'డ'కు వాళ్లకు విడిగా అక్షరం లేదు. 'న', 'త' జోడించి రాస్తారు. నా పేరులోని డకారం కోసం ఆవిడ ఆ రెండక్షరాలనూ పెద్దవిగా, ఒత్తి రాసింది. డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడితే, రెండు యూరోలు ఎక్కువయ్యాయని వెనక్కి ఇచ్చింది.

తెనాలిలో మా ఇల్లు కూడా ఉత్తరాలకు 'రామాలయం వెనక' అన్న గుర్తుతోనే దొరికేది. ఆ మాట ముందే తట్టి ఉంటే ఒక రోజు మిగిలేది. మరుసటి నెల ఇడ్లీ రేకులు తెప్పించుకున్నప్పుడు వీధి గడిలో కఫెనియో పేరే రాశాను. శుక్రవారం మధ్యాహ్నానికి అవి ఫ్రిజ్ పక్కన ఉన్నాయి.