తెర కింది నుంచి లేచింది

మొదట దోమ అనుకున్నాను. చేత్తో కొట్టినా పోలేదు, చూపు ఎటు తిప్పితే అటే వచ్చింది. మర్నాటి రాత్రి చీకట్లో లేస్తే కుడి కంటి కొసన మెరుపు, దూరంగా ఎవరో వెల్డింగ్ చేస్తున్నట్టు.

ఖమ్మంలో ఒక కళ్ల డాక్టర్‌కి చూపించాం. అక్షరాలు చదివించాడు. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయనూ లేదు, కంటి వెనక భాగం చూడనూ లేదు. "59 ఏళ్లు కదమ్మా, వయసుకి మామూలే, పట్టించుకోకండి" అన్నాడు. మూడే నిమిషాలు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది. వారంలో తమ్ముడి కూతురి పెళ్లి మరి.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, అందుకే ఇంకా కోపం. కంటి లోపల గుడ్డు తెల్లసొనలాంటి జెల్లీ ఉంటుంది, విట్రియస్ అంటారు. వయసు పైబడేకొద్దీ అది నీరుగారి, ముడుచుకుని, వెనక వెలుతురుని పట్టే పొర, అదే రెటీనా, దాని నుంచి విడివడుతుంది. చాలామందికి అంతటితో సరి. కొందరికి గట్టిగా అతుక్కున్న చోట రెటీనాని చింపేస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు, లాగితే వెలుతురే చూపిస్తుంది. మైనస్ 7 లాంటి పవరున్న కళ్లకి ఈ ముప్పు ఎక్కువ. నా అద్దాలు ఆయన చేతిలోనే ఉన్నాయి!

పెళ్లయిన మూడో రోజు సాయంత్రం ఆ కంట్లోనే కింది నుంచి నల్లటి తెర లేచింది.

రాత్రి బస్సెక్కాం. మా ఆయన నిద్రపోయాడు. నేను ఎడమ కన్ను మూసుకుని, లోపలి నీలం బల్బు వెలుగులో ఆయన నుదుటి మీద చూపు నిలిపి కొలుచుకుంటూ కూర్చున్నాను. సూర్యాపేటలో గడ్డం కనపడలేదు. నకిరేకల్ దాటాక నోరు లేదు. భద్రాచలం రామయ్యా, ఆ కళ్లు కూడా మాయం కాకముందే తెల్లవార్చు తండ్రీ అని మొక్కుకున్నాను.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ చాలాసేపు మూలమూలా చూసి, రెటీనా చిరిగింది పైన, అక్కడి నుంచి ఊడి వస్తోంది అంది. తెర కింద కదా అంటే, కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుందని కాగితం మీద గీసి చూపించింది. నడిమి చూపునిచ్చే మాక్యులా ఇంకా ఊడలేదట. ఒట్టి చిరుగుగా ఉన్నప్పుడే వస్తే చుట్టూ లేజర్ కొట్టి పంపేదాన్నంది. ఎవరినీ ఏమీ అనలేదు. నాకే ఒళ్లు మండింది.

మర్నాడు ఆపరేషన్. జెల్లీ తీసి గ్యాస్ నింపారు. వారం రోజులు బోర్లా పడుకోమన్నారు. గ్యాస్ పోయేదాకా విమానం ఎక్కొద్దన్నారు, పైకెళితే ఉబ్బుతుందట.

ఆ వారం నన్ను చూసుకున్నది మా తోడికోడలు. పొలం గొడవలో రెండేళ్లుగా మాటల్లేవు మాకు. వచ్చి, నేల మీద కూర్చుని, కిందికి వంచిన నా నోటికి పెరుగన్నం ముద్దలు పెట్టింది. పొలం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ తేలలేదనుకోండి అది.

కంట్లో గీతలా కదిలిన బుడగ రోజురోజుకీ కిందికి దిగి, గోళీ అంతయి, ఒక పొద్దున లేదు. చూపు వచ్చింది, కాస్త మసక. శుక్లం త్వరగా వస్తుందని ముందే చెప్పారు.

మీకూ మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కలు కనపడితే ఆ రోజే వెళ్లండి. చుక్కల మందు వేసి చూసేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.

నా ఎడమ కంట్లో జెల్లీ ఇంకా విడిపోలేదట. రోజూ పొద్దున కుడి కన్ను మూసి క్యాలెండర్ నాలుగు మూలలూ చూస్తాను. భద్రాచలం మొక్కు బాకీ ఉంది. తోడికోడలు తనూ వస్తానంది.