కేంబ్రిడ్జిలో దొరికిన పదిహేడో ఎక్కం

లండన్‌లో మా అమ్మాయి ఇంట నెల రోజులున్న 2024 వేసవిలో, అందరూ చూసి తీరాలన్న కోటలను పక్కనబెట్టి, కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి ఒక్కడినే కేంబ్రిడ్జికి వెళ్లాను. నేను చూడదలచినది కోల్డమ్స్ రోడ్డులోని సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ అనే పాత కంప్యూటర్ల మ్యూజియం. దారి అడిగితే ఇద్దరు నన్ను కళాశాలల వైపే పంపారు.

లోపల 1980ల నాటి తరగతి గదిని అమర్చి, వరుసగా బీబీసీ మైక్రోలను, అంటే బీబీసీ పేరుతో వచ్చిన ఆనాటి బడి కంప్యూటర్లను, ఉంచారు. లేత గోధుమ రంగు పెట్టె, నల్లని మీటలు, పైవరుసలో పది ఎర్రని ఫంక్షన్ మీటలు. తాకరాదన్న బోర్డు ఉంటుందేమోనని జంకుతూ వెళ్లిన నన్ను కూర్చుని వాడుకోమన్నారు. స్విచ్ వేయగానే ముందు బొంగురుగా, వెంటనే సన్నగా కూత వినిపించింది.

ఆ కూత నేను మొదట విన్నది 1986లో, గుంటూరులో, తొమ్మిదో తరగతిలో. 1984లో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ పథకం కింద ఈ కంప్యూటర్లు మన బడులకు వచ్చాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వీటిని యూనికార్న్ పేరుతో తయారు చేసింది కూడా. చెప్పులు బయట విడిచి, ఒక్కో యంత్రం ముందు ఇద్దరం చొప్పున కూర్చునేవాళ్లం. ఒకరోజు అరగంట కష్టపడి పదిహేడో ఎక్కం ముద్రించే ప్రోగ్రాం రాసి, బాణం మీట నొక్కబోయి దాని పైవరుసలోని, యంత్రాన్ని మళ్లీ మొదటికి తెచ్చే బ్రేక్ మీట నొక్కాను. తెర ఖాళీ అయింది. పక్కనున్న మిత్రుడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఎకార్న్ సంస్థ ఇదే ఊళ్లో రూపొందించిన ఈ యంత్రం 1981 డిసెంబరులో విడుదలైంది. బీబీసీ ప్రతినిధులు చూడడానికి వస్తున్నారనగా, నమూనాను వారం లోపలే సిద్ధం చేయాలని సంస్థ స్థాపకుల్లో ఒకరైన హెర్మన్ హౌజర్, దాన్ని రూపొందించాల్సిన సోఫీ విల్సన్‌కూ స్టీవ్ ఫర్బర్‌కూ విడివిడిగా ఫోన్ చేసి, రెండోవారు ఒప్పుకున్నారని ఇద్దరికీ చెప్పారట. పెళ్లి కుదిర్చే పేరయ్యలకు ఈ విద్య కొత్తేమీ కాదు. అలా పుట్టిన యంత్రానికి 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసరు, మేం వాడిన బి మోడల్‌కు 32 కేబీ మెమరీ. తెర మీద సన్నని అక్షరాలు కావాలంటే అందులో 16 నుంచి 20 కేబీ తెరకే పోయేది.

ఆ పదిహేడో ఎక్కాన్నే మళ్లీ టైపు చేస్తూ, అక్కడున్న నెరిసిన గడ్డపు స్వచ్ఛంద సేవకుడికి నా పాత కథ చెప్పాను. ఆయన నవ్వి, చేయి చాచి, నేను వద్దనే లోపే బ్రేక్ నొక్కేశారు. తరువాత ఓ, ఎల్, డీ అనే మూడక్షరాలు కొట్టి, ప్రోగ్రాంను తెర మీద చూపే లిస్ట్ ఆదేశం అడగమన్నారు. అడిగాను. నా నాలుగు వరుసలూ చెక్కుచెదరకుండా తెర మీదికి వచ్చాయి. బ్రేక్ నొక్కితే ప్రోగ్రాం చెరిగిపోదు. దాని మొదట్లో ఉండే గుర్తు మాత్రమే మారుతుంది, ఆ ఓల్డ్ ఆదేశం గుర్తును సరిచేస్తుంది. కొత్తగా ఒక్క వరుస కూడా చేర్చకముందే అడగాలి, అంతే.

తిరుగు రైల్లోంచి గుంటూరులో ఉన్న ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. అంతా విని, "ఒరే, ఆ సంగతి మన మాస్టారికి తెలుసు. మర్నాడే నాకు చెప్పారు. అప్పటికి నీతో మాటల్లేవుగా" అన్నాడు.