పాత మియాటా కొంటున్నారా? ముందు వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

అమెరికాలో తక్కువ ఖర్చుతో టాప్ తీసి తిరగాలనుకునే మనవాళ్లకు మొదటి తరం మాజ్డా మియాటాను మించిన కారు లేదని నా గట్టి నమ్మకం. ఇవి 1990 నుంచి 1997 మోడళ్లు. 1993 దాకా 1.6 లీటర్ ఇంజిన్, 1994 నుంచి 1.8.

అమ్మేవాళ్లు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపిస్తారు. మీరు మాత్రం వెనక చక్రం దగ్గర వంగి, దాని ముందున్న డోరు కింది రేకు చూడండి. ఇంజిన్ పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ రేకు కుళ్లితే మాత్రం కోసి, కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే.

కారణం వాన నీళ్లు. టాప్ మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక, సీటు బెల్టు స్తంభాల పక్కనున్న రంధ్రాల్లోంచి గొట్టాల్లో దిగి, వెనక చక్రాల ముందు నేల మీద పడాలి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీళ్లు డోరు కింది రేకులోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. పైన పటారం, లోన లొటారం. పెయింట్ మీద బుడగలు లేచేసరికి లోపల చాలా భాగం పోయి ఉంటుంది. ఒక్కో రంధ్రంలో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయండి. వెంటనే కింద పడకపోయినా, సీట్ల వెనక కార్పెట్ తడిగా తగిలినా అనుమానించండి. తర్వాత పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆ రేకు పొడవునా జరపండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టే. రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల కార్లయితే ఇంకా జాగ్రత్త.

పూడిన రంధ్రం శుభ్రం చేయడానికి గడ్డి ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగ చాలు. గట్టి ఇనుప తీగ, కంప్రెసర్ గాలి వద్దు, గొట్టం ఊడిపోతుంది.

టాప్ దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీయాలి. తీయకుండా మడిస్తే, అందులోనూ చలిలో, ప్లాస్టిక్ పగులుతుంది.

ఇక ఇంజిన్. 1990, 1991 తొలి కార్లలో క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిది. దాని ముందు చివరనున్న పుల్లీ మీద నాలుగు గాట్లుంటే అదే. తర్వాతి వాటికి ఎనిమిది. ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) పుల్లీ ఊగుతుంటే కొనకండి, క్రాంక్ మీద కీ అనే చిన్న లోహపు ముక్క కూర్చునే గాడి అరిగి ఉండొచ్చు. క్రాంక్‌ను, కవాటాలు తెరిచే కామ్‌షాఫ్ట్‌లను జతగా తిప్పే టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి. ఎలాగూ విప్పుతారు కాబట్టి వాటర్ పంప్, ముందు సీళ్లు అప్పుడే మార్పించడం మేలు. బిల్లు చూపించమనండి. రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు నల్లరంగు పోయి గోధుమరంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే.

ఇంజిన్ వెనక ఆయిల్ కారుతుంటే రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక చివర ఆయిల్ కారకుండా ఆపేది) పోయిందని భయపడతారు. దానికి గేర్‌బాక్స్ దించాలి మరి. చాలాసార్లు అసలు దోషి పైనున్న కామ్ యాంగిల్ సెన్సర్ (కామ్‌షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పేది) ఓ-రింగ్, కొద్ది డాలర్ల రబ్బరు ముక్క. టార్చ్ వేసి తడి పైనుంచి మొదలైందో, కిందే ఉందో చూశాకే బేరం మొదలెట్టండి.