అనంతపురం నుంచి నాణేల వేలానికి: ఏది ఎక్కడ అమ్మాలో తేల్చుకున్న తీరు

ఒక పాత రేకు డబ్బాలో 143 నాణేలు. వెండి రూపాయలు 58. కానీలు, అర్ధణాలు, చిల్లుకానీలు కలిపి 41. ఏనుగు బొమ్మ ఉన్న మైసూరు రాగి పైసలు 19. చిటికెన వేలి గోటి మీద పట్టేంత బంగారు రూకలు 6. మిగతా 19 స్వాతంత్ర్యం తరవాతవి. వీటిలో అమ్మదగినవి అమ్మి, ఆ డబ్బులో కొంతతో రెండు విజయనగర బంగారు వరహాలు కొనడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో సగం కాలం ఏ నాణెం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే పోయింది. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తూకం. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా, వెడల్పూ మందమూ కొలిచే వెర్నియర్, పదింతలు పెద్దగా చూపే లెన్సు, గట్టి అయస్కాంతం ఒకటి ఉంటే చాలు. బ్రిటిష్ కాలపు రూపాయి తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. చేతులు మారి అరిగిపోతే 11.4 దాకా దిగుతుంది. 11 గ్రాముల కిందికి పోయినా, 11.8 దాటినా అనుమానించాల్సిందే. 1939 దాకా వచ్చిన రూపాయిలో వెండి 91.7 శాతం, బిళ్లకు 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే, 5.83 గ్రాములు. 1947 నాటి పులిబొమ్మ రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. దాన్ని కూడా వెండి లెక్కలో కలిపి మురిసిపోయేవాళ్ళను చూశాను.

నా 58లో 36 మొదటి రకం, 22 సగం వెండివి. ఆ 36లో కూడా అయిదో జార్జి బొమ్మతో బాగా అరిగినవి 24. ఇటువంటివాటిని వేలానికి పంపడం దండగ. కమీషనూ, దారి ఖర్చూ పోతే వెండి ధర కూడా చేతికి రాదు. ఇక్కడ అనంతపురం పాతూరు బంగారు అంగళ్ళలోనో, ప్రొద్దుటూరులోనో తూకానికి ఇచ్చేయొచ్చు. అయితే మూడు అంగళ్ళు తిరగండి. తరుగు పేరుతో ఎంత కోస్తారో, 91.7 కట్టి లెక్క వేస్తారో 90కే వేస్తారో ముందే అడగండి. సగం వెండివాటిని వేరే పొట్లంలో పెట్టి చూపించాలి. కలిపి ఇస్తే మొత్తం సగం వెండి కిందే పోతుంది.

మిగిలిన 12 మీద లెన్సు పెట్టాను. 1840 నాటివి 5. వీటిలో విక్టోరియా రాణి తల చుట్టూ అక్షరాలు ఎడతెగకుండా సాగాయా, తల దగ్గర రెండుగా విడిపోయాయా అన్నది చూడాలి, అవి రెండు వేర్వేరు రకాలు. 1862 నాటివి 6. ఆ తేదీ ఉన్నవన్నీ ఆ ఏడే కొట్టినవి కావు. తరవాత చాలా ఏళ్ళు అదే తేదీ అచ్చు మీద ఉంచేసి, చుక్కల సంఖ్యతో తేడా చూపించారు. కాబట్టి చుక్కలు లెక్కపెట్టకుండా “1862 రూపాయి” అని పంపితే మామూలు రకం కింద కట్టేస్తారు. 1911 నాటిది ఒకటి. రాజు వేసుకున్న అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ లేచి, మరుసటి ఏడు నుంచి బొమ్మ మార్చారు. అందుకే 1911కి అంత గిరాకీ. ఇంకా గిరాకీ ఉన్నది 1939 రూపాయికి. మన డబ్బాలో అది కనిపిస్తే గంతులేసే ముందు చివరి అంకె దగ్గర లెన్సు పెట్టండి. మామూలు రూపాయి మీద అంకె చెక్కి తయారు చేసినవి సంతలో తిరుగుతున్నాయి.

ఏనుగు పైసలు మన సీమవాళ్ళకు ప్రత్యేకం. టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని, గుర్రంకొండకు జఫరాబాద్ అని పేర్లు పెట్టి నాణేలు కొట్టించాడు. ఏనుగు లేని వైపు ఫారసీలో టంకశాల (నాణెం కొట్టిన చోటు) పేరు ఉంటుంది. టిప్పు తెచ్చిన మౌలూదీ లెక్క ప్రకారం సంవత్సరం వేసిన నాణేల మీద తేదీ అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇది తెలీక తేదీలు తలకిందులుగా రాసి పంపేవాళ్ళు చాలామంది. ఉర్దూ చదవగలిగిన మనిషి అనంతపురంలో దొరకడం కష్టమేం కాదు. లిపి ఒకటే కాబట్టి పది నిమిషాల పని. నా 19లో టంకశాల పేరు తెలిసినవి 8. వాటిలో 5 శ్రీరంగపట్టణానివి, ఎక్కువగా దొరికే రకం. 3 గుత్తివి. ఇవే నాకు ముఖ్యమయ్యాయి.

నాణేలు కడగొద్దు. చింతపండు, బూడిద, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఏదీ వద్దు. నా కానీల్లో 14 అంతకుముందే ఎవరో చింతపండుతో తోమేశారు. రాగి పైపొర పోయి గులాబీ రంగుకు తిరిగితే మళ్ళీ వెనక్కి రాదు. బెంగళూరు డీలర్ సంచీ విప్పీ విప్పకముందే అడిగిన మొదటి మాట, “కడిగినారా సార్ వీటిని?” ఆ 14 పక్కకు నెట్టేశాడు.

స్వాతంత్ర్యం తరవాతి 19 గురించి ఒక్క మాట. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామని, నంబరులో 786 ఉన్న నోటుకు ఇంకా ఎక్కువ ఇస్తామని ఫోన్లు వస్తాయి. ముందు రిజిస్ట్రేషన్ కింద ఇంత, పన్ను కింద ఇంత కట్టమంటారు. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తాము పాత నోట్ల, నాణేల క్రయవిక్రయాల్లో లేమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 తేదీ వేసిన “ఈస్టిండియా కంపెనీ నాణేలు” కూడా ఇదే కోవలోవి. కంపెనీ అలాంటివి ఎన్నడూ కొట్టలేదు. వాటికి బియ్యం గింజలు లాగే శక్తి ఉందని చెప్పి డబ్బు దండుకునేవాళ్ళ సంగతి మన జిల్లాలవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక చోటు. విదేశీ వేలాల్లో ధరలు చూసి చాలామంది అటే పంపుదామనుకుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేన్ని మామూలు మనిషి దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు సూట్‌కేసులో పెట్టి పంపినా అదే నేరం. మన వేలం కేటలాగుల్లో కూడా పాత లాట్లను (లాటు అంటే వేలంలో ఒక నంబరు కింద పెట్టే సరుకు) దేశం దాటించకూడదని నిబంధన రాసి ఉంటుంది. కాబట్టి నాకు మిగిలినవి మూడే దారులు: ఊళ్ళ డీలర్లు, వాట్సాప్‌లో రాత్రిపూట నడిచే చిన్న వేలాలు, దేశంలోని వేలం సంస్థలు.

మట్టిలో దొరికిన నాణెమైతే ఈ మూడూ లేవు. తొలకరికి వజ్రకరూరు చేలల్లో రాళ్ళు ఏరేవాళ్ళకు అప్పుడప్పుడు నాణేలు కూడా తగులుతాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద పది రూపాయల విలువ దాటిన ఏ దొరుకుడు సొత్తయినా కలెక్టరుకు తెలపాలి. వేలం సంస్థ సరుకు తీసుకునేటప్పుడు “ఇది నా సొంతం” అని సంతకం పెట్టించుకుంటుంది. ఆ కాగితం మీద అబద్ధం రాస్తే ఇరుక్కునేది మనమే.

వాట్సాప్ వేలాల్లో కమీషన్ దాదాపు ఉండదు, డబ్బు రెండు రోజుల్లో వస్తుంది. కానీలు, సగం వెండి రూపాయలు, మామూలు పైసల వంటివాటికి ఇది బాగా పనికొస్తుంది. కొన్నవాడు మాట తప్పితే మాత్రం చేసేదేమీ లేదు. అయిదు వేలు దాటిన దేన్నీ అక్కడ పెట్టలేదు.

పెద్ద వేలాలు చేసేవాళ్ళలో మనకు దగ్గర బెంగళూరు, అక్కడ మరుధర్ ఆర్ట్స్ ఉంది. ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, రాజ్‌గోర్స్. అహ్మదాబాదులో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ. ఏది మంచిదని అడిగితే జవాబు లేదు, “ఈ నాణేనికి ఏది?” అని అడగాలి. నేను చేసింది ఇది. ఒక్కో సంస్థవి గత ఆరేడు వేలాల కేటలాగులు, ఫలితాల పట్టికలు ముందేసుకుని, నా సరుకు లాంటి లాట్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని అమ్ముడుపోలేదు, అమ్ముడైనవి అంచనా ధరకు ఎంత పైన పోయాయి అని నోటుపుస్తకంలో గీతలు గీశాను. ఒకచోట బ్రిటిష్ రూపాయలకు పాట పోటాపోటీగా సాగుతుంది, మైసూరు రాగి మాత్రం అంచనా దగ్గరే ఆగిపోతుంది. ఇంకోచోట దానికి తిరగబడి ఉంటుంది. ఏ రకం సేకర్తలు ఎక్కడ చేరతారన్నదే దీంట్లో కిటుకు. కాబట్టి రూపాయలు ఒకచోటికి, గుత్తి పైసలు ఇంకోచోటికి పోయాయి.

తరవాత ఖర్చు. అమ్మేవాడి కమీషన్ సంస్థను బట్టి, సరుకు విలువను బట్టి మారుతుంది. పెద్ద సరుకుకు బేరమాడొచ్చు, చిన్నదానికి కుదరదు. లెక్క కోసం 15 శాతం అనుకుందాం. పాట పది వేల దగ్గర ఖాయమైంది. కమీషన్ 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 270, ఫొటోకు, కేటలాగుకు 100 అనుకుంటే చేతికొచ్చేది 8,130. ఇది ఎప్పుడొస్తుందన్నది ఇంకా ముఖ్యం. కొన్నవాడు కట్టాకే మనకు ఇస్తారు, నెలన్నర, రెండు నెలలు మామూలే. అమ్ముడుపోని లాటుకు రుసుము ఉందా, వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, కొన్నవాడు ఎగ్గొడితే ఏమవుతుంది, ఈ మూడూ సంతకం పెట్టేముందే రాతలో తీసుకోవాలి. రిజర్వు ధర, అంటే ఇంతకు తగ్గితే అమ్మొద్దని మనం చెప్పే ధర, మరీ ఎత్తున పెడితే పాటే లేవదు. అంచనాలో అడుగు అంకెకు కాస్త కిందే పెట్టించాను.

నాకు దెబ్బ తగిలింది లాట్లు కట్టేచోట. మొదట ఇచ్చిన సంస్థవాళ్ళు ఏనుగు పైసలు 19నీ ఒకే లాటుగా కట్టి “మైసూరు, రాగి, 19 నాణేలు” అని వేసేశారు. గుత్తివి మూడూ ఆ గుంపులో మునిగిపోయాయి. కేటలాగు అచ్చయ్యాక గాని ఆ సంగతి నాకు తెలీలేదు. వెనక్కి తీసుకోవడానికి రుసుము కట్టాల్సి వచ్చింది. తప్పు సగం నాదే, ఇచ్చిన రసీదులో “రాగి నాణేలు 19” అని ఉంటే సరేనన్నాను. రెండోసారి రసీదు మీద ఒక్కో నాణేనికి ఒక్కో గీత: రకం, టంకశాల, తూకం రెండు దశాంశాల దాకా, రెండు వైపులా ఫొటో నంబరు, విడి లాటా గుంపా, అంచనా, రిజర్వు. తూకం రాయించడం వల్ల నాణెం మారిపోతుందన్న భయం కూడా పోతుంది.

పంపడం సంగతి. చాలా కొరియర్ సంస్థల నిబంధనల్లో నాణేలు, బులియన్ (బంగారు, వెండి ముద్దలు) తీసుకోమని రాసి ఉంటుంది. పోతే పరిహారం రాదు. పోస్టులో ఇన్సూర్ చేసి పంపొచ్చు. నేను చేత్తోనే తీసుకెళ్ళాను, అనంతపురం నుంచి బెంగళూరు పొద్దున పోయి రాత్రికి వచ్చే దూరమే. జాబితా రెండు ప్రతులు, పాన్, ఆధార్ వెంట ఉంచుకోవాలి. సరుకు వేలానికి రెండు మూడు నెలల ముందే ఇవ్వాలి, లేకపోతే తరవాతి వేలానికి పోతుంది.

కొనే వైపు లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. పాట ధర మీద వేలం సంస్థ కొనేవాడి దగ్గర తీసుకునే ప్రీమియం, పన్ను, పంపే ఖర్చు పడతాయి. అన్నీ కలిపి 20 శాతం అవుతాయనుకుంటే, నా చేతిలో 12,000 ఉన్నప్పుడు పాట పది వేల దగ్గర ఆపేయాలి. ఈ అంకె ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. హాల్లో కూర్చున్నా, ఫోన్లో పాడినా పక్కవాడి పట్టుదల అంటుకుంటుంది. అందుకే నేను ఎక్కువగా ముందే రాసిచ్చే పాట వాడాను. అంత ఎత్తు రాసినా, రెండో పాటదారు ఆగిన చోటికి ఒక మెట్టు పైనే మనకు పాట ఖాయం చేస్తారు.

వరహాలో మోసం ఎక్కువ. విజయనగర వరహా తూకం 3.4 గ్రాముల దగ్గర ఉండాలి. కృష్ణదేవరాయలవి అయితే వెనక నాగరిలో మూడు వరుసల రాత, అచ్యుతరాయలవి అయితే ముందు వైపు గండభేరుండం. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుగా, వెన్నముద్దలా ఉంటాయి, లెన్సులో సన్నని గాలిబుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. తూకమూ రూపూ సరిపోయినా బంగారం తక్కువగా ఉండొచ్చు. దానికి నీటిలో తూకం: నాణేన్ని దారంతో కట్టి, కాటా మీద పెట్టిన గ్లాసు నీళ్ళలో అడుగుకు తగలకుండా వేలాడదీస్తే కాటా చూపే పెరుగుదలే నీటిలో తగ్గే బరువు. నాణెం బరువును దానితో భాగించాలి. 91.7 శాతం వెండి రూపాయికి 11.66ను 1.13తో భాగిస్తే 10.3 రావాలి. ఇక్కడ మామూలు కాటా సరిపోతుంది. వరహాకు తగ్గేది 0.19 గ్రామే, 0.01 తప్పితేనే జవాబు 17కూ 19కీ మధ్య ఊగిపోతుంది. దానికి 0.001 చూపే కాటా కావాలి. బంగారు రూకకైతే, అది మూడో వంతు గ్రాము కాబట్టి, ఈ పద్ధతి పెట్టుకోకపోవడమే నయం.

వేలానికి ముందు ప్రదర్శన రోజున ఇవన్నీ చేయనిస్తారా అని అడగండి. తూకం వేయనివ్వని చోట నేను బంగారం కొనలేదు. నిబంధనల్లో అసలుతనానికి హామీ ఎన్నాళ్ళు, ఎవరి అభిప్రాయం మీద వెనక్కి తీసుకుంటారు అన్నది చదవాలి. “ఉన్నది ఉన్నట్టుగా” అని రాసిన గుంపు లాట్లకు సాధారణంగా ఏ హామీ ఉండదు. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి నాణేల పరీక్ష సంస్థలు మూసి ఇచ్చిన డబ్బీలో ఉన్నదైతే నంబరును వాళ్ళ సైట్లో కొట్టి ఫొటోతో పోల్చండి, డబ్బీలకు కూడా నకిలీలు ఉన్నాయి.

వచ్చిన నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచొద్దు. కొన్నాళ్ళకు పచ్చటి జిగురు వదులుతాయి, అది రాగినీ వెండినీ తింటుంది. మైలార్ ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్టముక్కలు చాలు, డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి. వేలం బిల్లు, లాటు నంబరు, కేటలాగు పుట ఫొటో ఆ అట్టతోనే కలిపి ఉంచాను. మొదటి వేలంలో అమ్ముడుపోని రెండు 1862 రూపాయలు వెనక్కి వచ్చాయి. చుక్కల లెక్క వివరంలో రాయించి, రిజర్వు తగ్గించి మళ్ళీ పెట్టాను. ఒకటి పోయింది. రెండోది ఇంకా డబ్బాలోనే ఉంది, దాని మీద చుక్కలు ఆరా ఏడా అన్నది ఇప్పటికీ తేలలేదు.