నా మోకాలు, మాట వినని తొడ

హాప్ టెస్ట్ పాసయ్యాను! మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (పట్టీ లాంటిది) తెగి, ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి. ఆపరేషన్ అయిన ఒక్క కాలితోనే గెంతిన దూరం, మంచి కాలితో గెంతిన దూరంలో కనీసం 90 శాతం ఉండాలి. నాది 93 వచ్చింది. ఇక రాకెట్ పట్టుకోవచ్చన్నారు, అదీ మెల్లమెల్లగా. కోపం చల్లారితే సగం విషయాలు మొహమాటపడి వదిలేస్తానని ఇప్పుడే కూర్చుని రాసేస్తున్నాను.

దెబ్బ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బ్యాడ్మింటన్‌లో వెనక్కి వెళ్లి, ఎగిరి స్మాష్ కొట్టి ఎడమ కాలి మీద దిగాను. మోకాలు లోపలికి తిరిగి టప్‌మంది. ఎవరూ నన్ను తాకను కూడా లేదు. సాయంత్రానికి వాపులో మోకాలి చిప్ప ఎక్కడుందో కనిపించలేదు. మోకాలు మెలిపడిన కొద్ది గంటల్లోనే అంతలా వాచిందంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు, ఏసీఎల్ తెగిందేమోనని ముందు అనుమానించాలి. మొదట చూసిన డాక్టర్ మాత్రం కాలు ముట్టుకోకుండానే బెణుకని చెప్పి నొప్పి మాత్రలు రాసి పంపేశాడు. రెండో ఆయన నన్ను పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూశాడు. లాక్‌మన్ టెస్ట్ అంటారట. నిమిషం పట్టలేదు. ఏసీఎల్ తెగిందన్నాడు. ఎంఆర్ఐలోనూ అదే వచ్చింది.

వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగే దాకా ఆగి ఆపరేషన్ చేశారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి టెండన్ తీసి కొత్త లిగమెంట్‌గా బిగించారు. నేను నిద్రపోయాను, అంతే.

అసలు కథ తర్వాత మొదలైంది. "మోకాలు వంచకుండా కాలు జానెడు పైకెత్తండి" అన్నాడు ఆసుపత్రి ఫిజియో. ఎత్తబోయాను. లేవలేదు. నొప్పి వల్ల కాదు, నొప్పి ఓర్చుకోగలిగేదే. కరెంటు లేనప్పుడు స్విచ్ నొక్కినట్టు, నేను ఎంత అనుకున్నా తొడలో చలనమే లేదు. పళ్లు బిగించాను, చెమటలు పట్టాయి, మెడ నరాలు లేచాయి, మడమ మాత్రం పరుపు వదల్లేదు. పక్క మంచాలవాళ్లు చూస్తుండగా ఆయన "మీకు విల్ పవర్ లేదండీ" అన్నాడు. తొడకి కరెంటు మెషిన్ ప్యాడ్లు అంటించి, ఫోన్ చూసుకుంటూ బయటికెళ్లిపోయాడు. రోజూ ఇదే తంతు. ఇంట్లో అమ్మ "భయపడకు నాన్నా, ఎత్తు" అనేది. బాత్రూమ్‌కి వెళ్లాలంటే మంచి కాలి పాదాన్ని దీని కింద దూర్చి మోసుకుంటూ మంచం దిగేవాణ్ణి. నా కాలు నాది కాదేమో అనిపించేది.

విసుగెత్తి ఇంకో ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు మోకాలి చిప్ప పైన లోపలివైపు కండరం మీద వేళ్లు ఆనించి చూసింది. ఆ తర్వాతే మాట్లాడింది. దెబ్బ తిని, వాచిన కీలు నుంచి వెళ్లే సంకేతాల వల్ల నాడీవ్యవస్థే తొడ కండరాన్ని ఆపేస్తుందట. ఆర్థ్రోజెనిక్ మజిల్ ఇన్హిబిషన్ అంటారు. మన పట్టుదలకీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట విన్నాక సిగ్గు సగం పోయింది. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ చిప్ప పైకి జరుగుతోందా అని కళ్లతో చూస్తుండమంది. మెషిన్ తనూ పెట్టింది, కానీ కరెంటు వచ్చిన ప్రతిసారీ నేను కూడా కండరం బిగించాలి. ఊరికే పడుకుంటే లాభం లేదంది. ఓ రోజు ఆవిడ వేళ్ల కింద ఆ కండరం చిన్నగా అదిరింది. ఇద్దరం గట్టిగా అరిచాం.

మీకూ ఈ ఆపరేషన్ అయితే మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోకండి. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి. కండరం మీద చెయ్యి వేసి చూడని ఫిజియోకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇక మా ఆటగాళ్ల సలహాలు! "కరోలినా మారిన్‌కి 2019 జనవరిలో కుడి మోకాలి ఏసీఎల్ తెగితే సెప్టెంబరులో చైనా ఓపెన్ కొట్టేసింది, నువ్వేంటి ఇంకా?" అని. ఆమె 2016 ఒలింపిక్ చాంపియన్, వెనక ఓ పటాలమే ఉంటుంది. పైగా 2021లో ఎడమ మోకాలు పోయి టోక్యో ఒలింపిక్స్‌కి దూరమైందనీ, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో గెలుపు దగ్గర్లో ఉండగా 2019లో తెగిన కుడి మోకాలే మళ్లీ తెగిందనీ వీళ్లు చెప్పరు. ఆమె తొందరపడిందని నేననను. కానీ కొత్త లిగమెంట్ బిగించిన తొలి నెలల్లో బలపడకపోగా ఇంకా బలహీనపడుతుంది, సరిగ్గా అప్పుడే నొప్పి పోయి మనకి ఎక్కడలేని హుషారు వస్తుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ మోకాలికి గాయమయ్యే రేటు సగానికి తగ్గిందని తేలింది. ఆ ముక్క మా గ్రూపులో పెడితే ఎవడూ పలకలేదు.